విట్బీ గుట్టమీద విన్న కథ

లీడ్సులో మా అమ్మాయి యింట నెల్లాళ్ళు వుండి వద్దామని నేనూ నా శ్రీమతీ వెళ్ళాము. ఇంగ్లండులో ఏమేమి చూశారని వచ్చిన దగ్గరనుంచి అందరూ అడుగుతున్నారు. చూసినవి చాలా వున్నవిగాని, వాటి సంగతి మరొకప్పుడు. ఇప్పుడు చెప్పబోయేది విన్నదాని సంగతి.

మా ఆవిడకు మూడేళ్ళుగా చూపు మందగించింది. వెలుగూ నీడా, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి. అక్షరాలు మాత్రం ఆనవు. పెళ్ళయిన నాటినుంచీ వారపత్రిక యింటికి రాగానే నాకంటె ముందు సీరియల్ చదివేసి, "ఏమయిందో చెప్పెయ్యనా?" అని నన్ను బెదిరించిన మనిషి. ఇప్పుడు నేను చదివి వినిపిస్తాను. నా చదువు ఆవిడకు నచ్చదు. "కథానాయికతో సహా అందరూ లెక్కల మాస్టారులాగే మాట్లాడుతున్నారండీ" అంటుంది. నిజమే మరి. ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన గొంతు!

ఒక ఆదివారం మా అల్లుడు కారులో విట్బీ తీసుకువెళ్ళాడు. లీడ్సునుంచి సుమారు 70 మైళ్ళు. యార్కూ, పికరింగూ దాటాక ఎత్తయిన బీడుభూములు వస్తాయి. ఆగస్టు నెలలో వాటి నిండా ఊదారంగు హెదర్ పూలు. ఆ రంగు మా ఆవిడకు కూడా కనిపించింది. బీడు దిగితే సముద్రం. ఎస్క్ నది సముద్రంలో కలిసేచోట అటొక గుట్ట, ఇటొక గుట్ట, నడుమ ఇరుకు సందుల ఊరు. చేపలకు పొగపెట్టే వాసన సందు మొదట్లోనే పలకరించింది. శాకాహారులం కాబట్టి అడుగు తొందరగా వేశాము.

తూర్పు గుట్టమీదికి 199 మెట్లు. నడుమ నడుమ వున్న చెక్కబల్లలు ముసలివాళ్ళ అలసట తీర్చడానికి వేసినవి కావట. పూర్వం శవపేటికలు మోసుకువెళ్ళేవాళ్ళు కాసేపు దించుకోవడానికట. ఈ సంగతి దానిమీద కూర్చున్నాక చెప్పాడు మా అల్లుడు. మా ఆవిడ కమ్మీ పట్టుకుని ప్రతి మెట్టూ పైకే లెక్కపెట్టింది. ఆవిడకు 199 వచ్చాయి. లెక్కల మాస్టారికి 201.

పైన సెంట్ మేరీ చర్చి. సముద్రపుగాలికి అక్షరాలు అరిగిపోయిన సమాధిరాళ్ళు. వెనుక పాడుపడిన మఠం. 657లో హిల్డా అనే సన్యాసిని స్థాపించిన మఠమది. ఇప్పుడు మిగిలినవి తర్వాతి కాలపు గోడలు, మొన దేలిన కమానులతో గాథిక్ పద్ధతిలో కట్టినవి. పాడుకోటలూ, ప్రేతాలూ, పాతపాపాలూ వుండే కథలకు కూడా ఇంగ్లీషువాళ్ళు ఆ గాథిక్ పేరే పెట్టారు.

చర్చి ఆవరణలో ఇంచుమించు 20 అడుగుల రాతిశిలువ ఒకటి వున్నది. 1898లో కేడ్మన్ పేర నిలిపారు. కేడ్మన్ ఈ మఠంలో పశువులు కాసేవాడట. విందుల్లో వీణవంటి వాద్యం చేతులు మారుతూ తనదాకా వస్తుంటే, పాడటం రాక సిగ్గుతో లేచిపోయేవాడట. ఒకనాడు కలలో ఎవరో పాడమంటే పాట వచ్చింది. 1952లో న్యూయార్కులో ఇద్దరు యువతులు, బార్బరా కోహెన్, మారియన్ రోనీ, సాహిత్యాన్ని నోటితో చదివించి గ్రామఫోను రికార్డులు వెయ్యాలని కంపెనీ పెట్టి, దానికి ఈ పశులకాపరి పేరే పెట్టుకున్నారు. షెర్లాక్ హోమ్స్ వేషంతో ప్రసిద్ధుడైన బేసిల్ రాత్‌బోన్ చేత 1954లో ఎడ్గార్ ఎలన్ పో కథలు చదివించారు. ఆ పాత రికార్డు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది. శిలువ దగ్గరి బెంచీమీద కూర్చుని, ఇయర్‌ఫోను ఆవిడకొక చెవిలో, నాకొక చెవిలో పెట్టుకున్నాము.

కథ "ఎర్రచావు". ఆవిడకు ఇంగ్లీషు బడిలో నేర్చినంతే వచ్చును కాబట్టి ముందు సారాంశం చెప్పాను. ఊళ్ళో మహమ్మారి, రాజు వెయ్యిమంది మిత్రులతో కోటలో దాక్కుని తలుపులు బిగించుకుంటాడు, ఏడు రంగుల గదుల్లో విందు, నల్లగదిలో పెద్ద గడియారం. అది గంట కొట్టినప్పుడల్లా వాద్యాలు ఆగిపోతాయి, ఆడేవాళ్ళు పాలిపోతారు. ఆగాక నవ్వుకుంటారు, మళ్ళీ గంట దాకా.

రాత్‌బోన్‌ది గంభీరమైన గొంతు. ఒక్కొక్క మాటా కొరికి పెట్టినట్టు స్పష్టంగా పడుతుంది. గడియారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి నా మోచేతిమీదికి వచ్చింది. నేను మాటల అర్థం వెతుక్కుంటూ వెనకబడ్డాను. ఆవిడకు ఆ బాధ లేదు. ముసుగు మనిషి విందులోకి రావడం నాకంటె ముందు ఆవిడకే తెలిసింది. "వచ్చాడండీ" అన్నది మెల్లిగా.

కథ అయ్యాక ఆ గాలిలోనే కూర్చుని మరొక సంగతి చెప్పాను. 1876లో డబ్లిన్‌లో, విందు తర్వాత, హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుడు ఒక హంతకుడైన బడిపంతులు మీద థామస్ హుడ్ రాసిన పద్యం చదివి వినిపించాడు. వింటున్న ఒక 29 ఏళ్ళ గుమాస్తా తట్టుకోలేక వెర్రెత్తినవాడిలా అయిపోయాడు. అతనే బ్రామ్ స్టోకర్. రెండేళ్ళకు సర్కారు కొలువు మానేసి, లండనులో ఇర్వింగ్ గారి లైసియమ్ థియేటరుకు మేనేజరుగా చేరి, ఆయన పోయేదాకా 27 ఏళ్ళు చాకిరీ చేశాడు.

1890 వేసవిలో సెలవుకు వచ్చి ఎదుటి గుట్టమీద రాయల్ క్రెసెంటులో దిగాడు. డ్రాకులా అనే పేరు ఈ ఊరి గ్రంథాలయపు పుస్తకంలోనే దొరికింది. 1885లో ఈ గుట్టకిందనే ఒడ్డెక్కిన రష్యా ఓడ ఆయన నవలలోకి ఎక్కింది. పుస్తకం వెలువడిన 1897 మే నెలలోనే, 18వ తేదీన, నాటకం హక్కులు దక్కించుకోవడానికి లైసియమ్‌లో నవలను గంటల తరబడి చదివించారు. చదివినవారు చిన్న నటులు. ఇర్వింగ్ చదవలేదు. "ఘోరం" అని ఒక్క ముక్కలో తేల్చాడని చెప్పుకుంటారు. అన్నా అనకపోయినా, ఆ వేషం మాత్రం ఎన్నడూ వెయ్యలేదు. 1905లో మా అమ్మాయి ఊరికి పక్కనేవున్న బ్రాడ్‌ఫర్డులో, నాటకమాడి హోటలుకు చేరగానే పోయాడు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"ఒక్కసారి చదివి పెడితే ఆయన సొమ్మేం పోయేది?" అన్నది చివరకు.

పొద్దు వాలుతున్నది. అల్లుడు కిందనుంచి చెయ్యి ఊపుతున్నాడు. మెట్లు దిగుతూ ఆవిడ మళ్ళీ లెక్క మొదలుపెట్టి, యాభై దగ్గర ఆపి, "ఇంటికి వెళ్ళాక సీరియల్ మీరే చదవండి. గంట కొట్టేచోట మాత్రం కాస్త ఆగండి" అన్నది.