ఎండలు ముదరకముందే పైపులు కడగండి

శివరాత్రి దాటింది. అశ్వారావుపేట, దమ్మపేట పామాయిల్ తోటల్లో ఇక మోటారుకు తెరిపి ఉండదు. వేసవిలో కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు కనీసం 150 నుంచి 200 లీటర్లు కావాలి, ఎకరానికేమో 57 చెట్లు. వానాకాలం నుంచి ఊరికే పడున్న మైక్రో జెట్లలో మట్టి, చీమలు, ఉప్పు పొర. ముందు ఫిల్టర్ జాలీ కడగండి. తర్వాత పెద్ద పైపులు, ఆపైనే సన్న పైపుల చివరి మూతలు తీసి తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. వరుస తప్పితే మట్టంతా జెట్లలోకే పోతుంది. అడవి అంచున పందులు తవ్విన చోట పైపులు తెగాయేమో కూడా చూడండి.

నీళ్లు చాలని చెట్టు మగ పూలగుత్తులు ఎక్కువ వేస్తుంది. ఆ నష్టం వెంటనే కనిపించదు, చాలా నెలల తర్వాత గెలల్లో తెలుస్తుంది. నాకు అదే గుబులు. దయచేసి ఈ వారంలోనే ఒకసారి తోటంతా తిరగండి.