గోడ మీది మూడు మాటలు

మేము దేవరకొండ తండాల పిల్లలం. హాస్టల్ గోడ మీద కొమురం భీం బొమ్మ కింద 'జల్, జంగల్, జమీన్' అని ఉండేది. పరీక్షకు బట్టీ పట్టాం. అది ఆదిలాబాద్ ముచ్చట అనుకున్నాం.

మా దిక్కు లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం తవ్వుతామన్నారు. తర్వాత నల్లమల మీద కన్నుపడింది. అమ్రాబాద్ చెంచుపెంటలు వద్దంటే వద్దన్నాయి. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. ఆ మూడు మాటలు మన ఇంటివేనని మాకు అప్పుడు ఎరుకైంది.

ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పడం కాదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని జైపాల్ సింగ్ ముండా 1946లో రాజ్యాంగ సభలో అన్నారు. చెంచులు అదే చూపించారు.

సార్లూ, టీచరమ్మలూ! పెద్దల మాట రాయించే ముందు పిల్లలను అడగండి: మీ తండాకు నీళ్లు ఎక్కడివి? అడవి ఎవరిది? భూమికి పట్టా ఉందా? జవాబు తెలిసినోళ్లకు ఆ మాట బట్టీ పట్టే పనిలేదు.