ఉస్మానియాలో తొలి సెమిస్టర్

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ భవనం ఇప్పటికీ క్యాంపస్‌కు గుర్తు. జిల్లాల నుంచి పీజీకి వచ్చినవారు దాని ముందు ఫొటో దిగి ఇంటికి పంపుతారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ముందు కావలసింది హాస్టల్ గది. కేటాయింపు అయ్యేదాకా చాలామంది తమ ఊరి సీనియర్ గదిలోనే సర్దుకుంటారు. కేటాయింపు లేకుండా అలా ఉండేవారిని నాన్‌బోర్డర్ అంటారు. ఇరుకైనా ఆ గది చేసే మేలు గొప్పది: ఏ కౌంటర్‌లో ఏ కాగితం ఇవ్వాలో, మెస్‌కు ఎప్పుడు వెళ్తే రద్దీ తక్కువో సీనియర్లే చెబుతారు. విద్యార్థులు ఒకరికొకరు చేసుకునే ఈ సాయానికి తగిన గుర్తింపు లేకపోవడం అన్యాయం.

తరగతిలో ఇబ్బంది వేరు. డిగ్రీ దాకా తెలుగులో చదివినవారికి ఇంగ్లీషు పాఠం అర్థమైనా, లేచి ప్రశ్న అడగడానికి నోరు రాదు. దీన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టకూడదు. పాఠం ముందే ఒకసారి చదివి, సాయంత్రం ఇద్దరు ముగ్గురు కూర్చుని తెలుగులో చర్చించుకుంటే పదజాలం పట్టుబడుతుంది, బెరుకూ తగ్గుతుంది.

లైబ్రరీ రీడింగ్ హాళ్లలో పోటీ పరీక్షలవారే ఎక్కువ. గ్రూప్స్ పుస్తకాలు చూసి కొత్తవారికి కంగారు పుడుతుంది. మొదటి సెమిస్టర్‌లో మాత్రం సొంత సబ్జెక్టు అలమారాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడమే ముఖ్యం.