గాలి కబురు

శనివారం తెల్లవారుజామున అయిదున్నరకి వచ్చింది ఆ కబురు. బయట చిమ్మచీకటి. మైనస్ 17 డిగ్రీలు. ఫోన్‌లో నాలుగే నాలుగు ముక్కలు: వాయవ్యపు గాలి ఉంది కానీ పదిన్నర దాకా కిందికి దిగదు. దిగాక గంటకు 14 మైళ్లు, విసురుకి 19. ఐల్ ఊరి వైపు ఒడ్డుకి రండి, గారిసన్ వైపు వద్దు. తూర్పున గడ్డలో కొత్తగా నెర్రె పడింది, దాని దరిదాపులకి పోకండి.

పంపిన మనిషి ముఖం అప్పటికి నేను చూడలేదు. ఆయనకి ఈ పనికి ఎవరూ జీతమివ్వరు. నాలాంటి వాళ్లు ఒడ్డుకి చేరి గాలి లేక ఉసూరుమనకూడదని, చేరిన వాళ్లు క్షేమంగా ఇంటికి పోవాలని ఆయన నాలుగున్నరకే నిద్ర లేచాడు. అంతే.

పదీ ముప్ఫై అయిదుకి గాలి దిగింది. అయిదు నిమిషాలు తేడా! గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి కళ్లారా చూశాను. మొదట కాళ్ల దగ్గర పొడి మంచు సన్నగా పాకింది. తర్వాత ఎవరో కర్రకి కట్టిన గుడ్డపేలిక లేచింది. తర్వాత ఒకటి, రెండు, ఆరు, పదకొండు గాలిపటాలు లేచాయి. ఒక్కొక్కటీ మా ఇంటి హాలంత పటం. దాని కింద నడుముకి పట్టీ బిగించుకుని, కాళ్లకి స్కీలు కట్టుకున్న ఒక మనిషి. ఆ మనుషులు తెల్లటి మైదానం మీద చప్పుడు లేకుండా దూసుకుపోతుంటే నా నోట మాట రాలేదు. ఆ రోజు నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే చెబుతున్నాను. మీకూ చెప్పకుండా ఉండలేను.

మిన్నెసోటాలో ఇది నా రెండో చలికాలం. మొదటిది కిటికీ లోపలే గడిచింది. ఈసారి ఆఫీసులో తోటి ఉద్యోగిని ఒకామె బలవంతం చేసి మిల్ లాక్స్ సరస్సుకి తీసుకెళ్లింది. మిన్నియాపొలిస్ నుంచి ఉత్తరంగా సుమారు 100 మైళ్లు. ఫ్రెంచి వాళ్ల పేరులో 'వెయ్యి సరస్సులు' అని అర్థం. అక్కడి ఓజిబ్వే ప్రజలు మాత్రం తమ భాషలో 'మహా సరస్సు' అంటారు, నాకు ఆ పేరే న్యాయంగా తోచింది. విస్తీర్ణం 1,32,000 ఎకరాలు. మన హుస్సేన్ సాగర్‌లు డజన్ల కొద్దీ ఇముడుతాయి. అంత పెద్దదయినా లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులకి మించదు. చలికాలంలో అదంతా చదునైన తెల్లటి నేల. చేపలు పట్టేవాళ్లు దాని మీద గుడిసెలు పెట్టి, రోడ్లు వేసి, పికప్ ట్రక్కులే నడుపుతారు.

హైదరాబాద్‌లో సంక్రాంతికి మా మేనమామ పిల్లలతో మిద్దె మీద పతంగులు ఎగరేసిన దాన్నే. అప్పుడు దారం నా చేతిలో ఉండేది, ఆట పతంగిది. ఇక్కడ దారాలు నాలుగో అయిదో ఉంటాయి, ఒక్కొక్కటి 20 మీటర్ల పైచిలుకు. ఆట మనిషిది. గాలి మెల్లగా ఉన్న రోజు 12 చదరపు మీటర్ల పటం, బలంగా ఉన్న రోజు అందులో సగం. ఏ రోజు ఏ పటం తీసుకెళ్లాలన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి, అందుకే ఆ తెల్లవారుజాము కబురుకి అంత విలువ.

ఎందుకంటే గాలి లెక్క మామూలు లెక్క కాదు. వేగం రెండింతలయితే పటాన్ని లాగే బలం నాలుగింతలవుతుంది. 10 మైళ్ల గాలికని తెచ్చిన పెద్ద పటాన్ని 20 మైళ్ల గాలి పట్టుకుంటే మనిషి మనిషిగా నేల మీద ఉండడు. పైగా చలిగాలి బరువైనది. మైనస్ 20 దగ్గర గాలి, మన వేసవిలో 30 డిగ్రీల గాలి కన్నా దాదాపు 20 శాతం ఎక్కువ సాంద్రంగా ఉంటుంది. అదే వేగం, అదే పటం, కానీ లాగుడు అయిదో వంతు ఎక్కువ. ఇది విన్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది నాకు. గాలికీ బరువుంటుందని చిన్నప్పుడు పాఠంలో చదివాను, అది భుజాలకి తెలియడం వేరు.

మధ్యాహ్నం పికప్ ట్రక్కు వెనక పలకని బల్లగా దించి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటున్న పెద్దాయనని చూపించి మా ఆఫీసు అమ్మాయి చెప్పింది, పొద్దున కబురు ఆయనదే అని. రిటైరయిన బడిపంతులు. మీసం మీద మంచు పేరుకుని ఉంది. పదిన్నరని ఎలా తెలిసిందండీ అని అడిగాను. ఆయన గంటసేపు చెప్పాడు. ఆ గంట నా జీవితంలో మరిచిపోను.

కంప్యూటర్లు వేసే అంచనాలు రకరకాలున్నాయట. అమెరికా వాతావరణ శాఖ వాళ్లదే ఒకటి మూడు కిలోమీటర్ల గళ్లతో, గంట గంటకీ కొత్తగా లెక్క కడుతుంది. ఇంకొకటి ప్రపంచం మొత్తానికి రోజుకి నాలుగుసార్లు లెక్క కట్టి 16 రోజుల ముందుకి చూస్తుంది. అవి రెండూ ఒకే మాట చెబితే ఆయన నిశ్చింతగా రాస్తాడు. చెరో మాట చెబితే ఆ మాటే రాస్తాడు: ఈ రోజు నాకు నమ్మకం లేదు, చిన్న పటం కూడా వెంట తెచ్చుకోండి అని. ఆ తర్వాత వాతావరణ నిపుణులు అంకెలు పక్కన పెట్టి మామూలు మాటల్లో రాసే వివరణ చదువుతాడు. ఇక్కడే ఒక చిత్రం. ఆ సరస్సు దక్షిణపు ఒడ్డు చాన్‌హాసెన్‌లోని ఆఫీసు కిందికి వస్తుంది, ఉత్తరపు ఒడ్డు డులూత్ ఆఫీసు కిందికి. అందుకని రెండూ చదువుతాడు. నీళ్లకి లేని హద్దు కాగితాల మీద ఉంది మరి.

ఇంకా ఉంది. వాయవ్యాన దాదాపు 100 మైళ్ల దూరంలో బెమిడ్జి ఊరి విమానాశ్రయం. చల్లగాలి అలలు కెనడా నుంచి దిగేటప్పుడు ముందు ఆ ఊరిని తాకుతాయి. అక్కడి గాలి దిక్కు మారిందంటే, అల గంటకు 30 మైళ్ల చొప్పున వస్తుంటే, ఇక్కడికి మూడు గంటల పైన. రైలు పక్క స్టేషన్ దాటిందని విన్న వాళ్లలా ఆయన సామాను సర్దుకోమంటాడు.

మరి పదిన్నర సంగతి? ఆకాశం తేటగా ఉన్న రాత్రి మంచునేల వేడినంతా పోగొట్టుకుంటుంది. నేలని అంటుకున్న గాలి అతి చల్లనై, బరువెక్కి, మూతలా పరుచుకుంటుంది. అసలు గాలి ఆ మూత మీదుగా జారిపోతుంది, కింద ఆకు కదలదు. పొద్దెక్కి ఎండ కాస్త తగిలితే మూత కరుగుతుంది, పైగాలి కిందికి దిగుతుంది. ఎప్పుడు కరుగుతుందో కంప్యూటర్ ఒక టైము చెబుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ ఒడ్డున నిలబడ్డ మనిషి దానికి ఒక అరగంట కలుపుతాడు. ఆ కలిపిన అరగంట ఉందే, దాని కోసమే నేను ఇదంతా రాస్తున్నాను! అది ఏ యంత్రంలోనూ లేదు. ఇన్నేళ్ల చలిలో నిలబడితే వచ్చింది, వచ్చినదాన్ని ఆయన ఊరికే పంచిపెడుతున్నాడు.

ఒడ్డు సంగతి కూడా అంతే. గాలి వాయవ్యం నుంచి వస్తే గారిసన్ వైపు ఒడ్డు గాలికి చాటు. చెట్టు ఎత్తుకి పది ఇరవై రెట్ల దూరం దాకా గాలి నలిగిపోయి, ఒకసారి చచ్చి ఒకసారి గుంజుతుంది. అదే గాలి మైళ్ల కొద్దీ నున్నటి మంచు మీద జారి ఐల్ ఊరు చేరేసరికి ఇస్త్రీ చేసినట్టు నిలకడగా ఉంటుంది.

కాఫీ తాగుతూ ఆయన ఇంత పొడి మంచు గుప్పెట్లోకి తీసుకుని, చెయ్యెత్తి, సన్నగా రాల్చాడు. ఎటు పోతుందో చూశాడు.

నా గుండె ఆగినంత పనయింది. మా తాత! నల్లగొండ జిల్లాలో మా ఊరి కల్లంలో, పీట మీద నిలబడి, తూర్పారబట్టే ముందు తాత సరిగ్గా ఇలాగే గుప్పెడు పొట్టు తీసుకుని చెయ్యెత్తి రాల్చేవాడు. గాలి ఆడకపోతే చేట దించి కూర్చునేవాడు. ఆడితే లేచేవాడు. గింజ కాళ్ల దగ్గర కుప్ప పడాలి, తాలు పక్కకి పోవాలి. గాలి తక్కువైతే రెండూ కలుస్తాయి, ఎక్కువైతే గింజే పోతుంది. పక్క కల్లం వాళ్లకి కేక వేసి చెప్పేవాడు, గాలి వస్తుంది లేవండ్రా అని. ఆ కేకకి ఎవరూ డబ్బివ్వలేదు. ఎనిమిది వేల మైళ్లకి అటూ ఇటూ అదే చెయ్యి, అదే కేక.

ఈ దేశంలో ఇది కొత్త అలవాటేమీ కాదని తర్వాత తెలుసుకున్నాను. వాతావరణ శాఖ కోసం ఇంటి పెరట్లో ఉష్ణోగ్రత, వాన, మంచు కొలిచి పంపే స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థ 1890లో మొదలయింది, ఇప్పటికీ 8,700 మందికి పైగా ఆ పని చేస్తున్నారు. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ని ఒక వరద ముంచెత్తింది. ఒక పేటలో కుండపోత, పక్క పేటలో జల్లు. ఆ తేడా పట్టుకోవడానికి మరుసటేడు, 1998లో, ఇంకో స్వచ్ఛంద బృందం పుట్టింది, వానా మంచూ వీధి వీధినా కొలుస్తుంది. ఆ పెరటి మనుషుల తోబుట్టువులే మా గాలిపటాల వాళ్లు.

మంచుగడ్డ కబురు కూడా వాళ్లే పెడతారు. మందం చూడటానికి డ్రిల్లుతో రంధ్రం వేసి టేపు దించుతారు. మనిషి నడవడానికి తేటగా గట్టిగా ఉన్న గడ్డ కనీసం 4 అంగుళాలుండాలని రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది, మధ్యరకం పికప్ ట్రక్కుకయితే 13. పాలలా తెల్లగా ఉన్న గడ్డకి బలం సగమే, కాబట్టి ఈ అంకెలు రెట్టింపు చేసుకోవాలి. గడ్డ చలికి బిగుసుకుని నెర్రెలిస్తుంది, ఒత్తిడికి గట్టుగా లేస్తుంది. గంటకు 30 మైళ్ల మీద పోతున్న మనిషికి ఆ గట్టు ఎక్కడుందో ముందు తెలియడం అంటే ప్రాణం దక్కడమే. నిన్న ఒకరు చూసినది ఈ రోజు అందరికీ తెలుస్తుంది.

జనవరిలో ఒక ఆదివారం కబురు వేరుగా వచ్చింది. అల్బర్టా నుంచి చురుగ్గా దిగే అల్పపీడనం, దాని వెనక 30 మైళ్ల గాలి, విసురుకి 45. గాలి చలితో కలిస్తే ఒంటికి మైనస్ 30ని మించి తగులుతుంది; మైనస్ 28 దాటితే బయటపడ్డ చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదముంది. పొడి మంచు లేచి పక్క మనిషి కనపడడు. ఎవరూ రావద్దు, నేనూ రావటం లేదు అని రాశాడాయన. వారమంతా ఆ ఆదివారం కోసం కాచుకున్న వాళ్లు కాదనలేదు, ఒక్కరు కూడా. అందరూ ఆగిపోయారు. గాలి ఉన్న రోజున వద్దని చెప్పగలిగిన మనిషిని నమ్మడం ఎంత హాయో!

ఇందులో నాకూ వాటా ఉందని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆట రాకపోయినా సరే, ఒడ్డున నిలబడగలవుగా అన్నాడు. అరచేతిలో ఇమిడే గాలి కొలత పరికరం ఇచ్చాడు. చెయ్యి చాపి, తల ఎత్తున, చెట్లకి దూరంగా, రెండు నిమిషాలు. సగటు ఒకటి, గరిష్ఠం ఒకటి, దిక్కు ఒకటి, టైము ఒకటి. పొద్దున చెప్పినదానికీ మధ్యాహ్నం వీచినదానికీ తేడా రాసి పెడితేనే వచ్చే వారం అంచనా పదునెక్కుతుందట. ఆయన తన తప్పుల లెక్క కూడా నోటుబుక్కులో రాసుకుంటాడు, తేదీలతో సహా. చూపించాడు. ఎంత ముచ్చటేసిందో.

మూడూ పదికి నా మొదటి కొలత పంపాను. 11, విసురుకి 13, గాలి ఉత్తరానికి తిరుగుతోంది. చేతి తొడుగు తీసినందుకు వేళ్లు అరగంట దాకా మొద్దుబారి ఉన్నాయి.

తర్వాతి శనివారం అయిదున్నరకి కబురు వచ్చింది. కిందటి వారం ఐల్ ఒడ్డున మూడు గంటల కొలతని బట్టి, మధ్యాహ్నం గాలి అనుకున్నదానికన్నా ముందే ఉత్తరానికి తిరగొచ్చు, రెండింటికల్లా దక్షిణపు ఒడ్డుకి మారండి అని ఉంది. ఆ కొలత నాది. నాది! వంటింట్లో లైటు వేసుకుని మూడుసార్లు చదివాను. అప్పుడు నల్లగొండలో సాయంత్రం అయిదు. నాయినకి ఫోన్ చేశాను.

"ఇంత పొద్దుగాల లేచినవేంది బిడ్డా?" అన్నాడు.

చెప్పాను. అంతా చెప్పాను, పటాలు, పెద్దాయన, గుప్పెట్లో మంచు. నాయిన కాసేపు ఏమీ అనలేదు. ఫోన్‌లో మా వాకిట్లో వేపచెట్టు ఆకుల చప్పుడు వినిపిస్తోంది.

"గిప్పుడు ఆడ గాలి ఎటు కొడుతున్నది?" అని అడిగాడు.

"వాయవ్యం నాయినా. పదకొండింటికి దిగుతది."