ఎక్స్‌ట్రా కరిక్యులర్

ఫ్రెషర్ల రెజ్యూమెలు చూసే పని మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు నెత్తిన పడే ఉంటుంది. నాకైతే ఏడాదికి రెండుసార్లన్నా పడుతుంది. రెండు పేజీల కాగితంలో మొదటి పేజీన్నర అందరిదీ ఒకటే. చివర్లో ఎక్స్‌ట్రా కరిక్యులర్ యాక్టివిటీస్ అని ఒక హెడ్డింగు, దానికింద మూడు లైన్లు. క్రికెట్ ఆడతాను, పాటలు వింటాను, రక్తదాన శిబిరంలో పాల్గొన్నాను. అంతే. సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకి ఒకటే ఫైలు చేతులు మారుతుంటుంది, పేరూ ఫోన్ నంబరూ మార్చుకుంటారు. ఒకసారి ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఐదుగురి కాగితాల్లో 'వాలంటీర్' అన్న మాటకి ఒకటే స్పెల్లింగు తప్పు. ఐదుగురికీ ఉద్యోగాలొచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

నేను మాత్రం ప్రశ్నలు ఆ మూడు లైన్ల దగ్గరే మొదలెడతాను. బైనరీ సెర్చ్ ఎవరైనా చెప్తారు. "ఎన్ఎస్ఎస్ క్యాంపుకి వెళ్ళానని రాశావు కదా, ఏ ఊరు బాబూ?" అంటే మాత్రం పదిమందిలో ఎనిమిదిమంది నీళ్ళు నములుతారు. ఊరి పేరు గుర్తుండదు. కొందరికైతే అసలు వెళ్ళిన గుర్తే ఉండదు. వాళ్ళని ఇబ్బంది పెట్టాలని కాదు సుమా. ఆ లైనులో ఏదన్నా నిజం ఉంటే ఆ పిల్లాడి మొహం మారిపోతుంది, అది చూడటం నాకిష్టం. పోయినేడు ఒకబ్బాయి వాళ్ళ క్యాంపులో బోరింగు పంపు చుట్టూ నిలిచిన మురుగు పోవడానికి ఇంకుడుగుంట తవ్విన వైనం పావుగంట చెప్పాడు. ఎంత లోతు, అడుగున ఏ సైజు రాళ్ళు వేశారు, పైన ఏ ఇసుక పోశారు, ఊళ్ళోవాళ్ళు మొదట ఎందుకు వద్దన్నారు, అన్నీ. పక్కనున్న నా సహోద్యోగి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు, నేను పట్టించుకోలేదు.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు. చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా టైంటేబుల్లో రోజూ చివరి పీరియడ్ గేమ్స్. పదో తరగతి వాళ్ళకి దాన్ని లెక్కల సారు లాగేసుకునేవాడు గానీ మిగతా క్లాసులు బయటే ఉండేవి. డ్రిల్లు మాస్టారి దగ్గర ఒక విజిల్, రెండు వాలీబాల్స్ (ఒకదానికి గాలి నిలవదు), నాలుగు బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు ఉండేవి. బాల్ బ్యాడ్మింటన్ అంటే ఇప్పటి పిల్లలకి చెప్పాల్సి వస్తోంది. పసుప్పచ్చ ఊలు బంతి, జట్టుకి ఐదుగురు. షటిల్‌లా గాలికి కొట్టుకుపోదు కాబట్టి పైకప్పు అక్కర్లేదు, మట్టి నేల చాలు. అందుకే మన పల్లెటూళ్ళలో అంత బాగా నిలిచింది. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య గారికి ఈ ఆటలో 1970 లో అర్జున అవార్డు వచ్చింది. మా డ్రిల్లు మాస్టారు ఆయన పేరు ఎత్తేటప్పుడు నిలబడేవారు.

కానీ బ్యాట్లు నాలుగే కదా, మాకు మిగిలింది ఖోఖో. దానికి రెండు వేపకర్రలు పాతితే చాలు. ఎనిమిదిమంది వరసగా గొంతుక్కూర్చుంటారు, ఒకడు ఇటు చూస్తే పక్కవాడు అటు. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు మధ్యగీత దాటకూడదు, పరుగు మొదలెట్టిన దిక్కు మార్చుకోకూడదు. పారిపోయేవాడు గీత దాటి అవతలికి దూకాడనుకోండి, అటు మొహం పెట్టి కూర్చున్నవాడి వీపు మీద తట్టి 'ఖో' అనాలి. వాడు లేచి తరుముతాడు, వీడు వాడి చోట్లో కూర్చుంటాడు.

ఇందులో గమ్మత్తు వీపు తట్టడంలో ఉంది. మా క్లాసులో ఊరి పిల్లలున్నారు, అప్పట్లో హరిజనవాడ అనేవాళ్ళు, ఆ వాడ పిల్లలూ ఉన్నారు. క్లాసులో బెంచీలు ఎవరివి వాళ్ళవి. ఎవరూ చెప్పి కూర్చోబెట్టలేదు, అలా కూర్చునేవాళ్ళం అంతే. మంచినీళ్ళ కుండ దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కూడా అలాగే, ఎవరూ చెప్పకుండానే. గ్రౌండులో మాత్రం ఆ సర్దుబాటు సాగదు. ఎదుటివాడు చేతికందేంత దూరంలో పరిగెడుతుంటే నీ పక్కన కూర్చున్నది ఎవరని చూసుకోవు, ఠపీమని కొడతావు. అంత గట్టిగా కొట్టకపోతే వినబడలేదంటాడు కూడా. క్లాసులో మొదటి ర్యాంకు నాది, పరుగులో చివరివాణ్ణి. మాలో అందరికంటే బాగా పరిగెత్తినవాడు ఆ వాడ నుంచి వచ్చినవాడే. వాడి జట్టులో చోటు కోసం నేను వాడి లెక్కల నోట్సు రాసిపెట్టేవాణ్ణి. ఊళ్ళో అలాంటి బేరం ఇంకెక్కడా జరగదు. ఆట అయిపోయాక ఎవరి వీధికి వాళ్ళు, ఆ మాటా చెప్పాలి. ఆటలు కులాన్ని పోగొడతాయని ఎవరన్నా అంటే నమ్మకండి. గంటసేపు దాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది, అంతవరకే.

ఆ రోజుల్లోనే, 1991 లో, మా జిల్లాలో అక్షర దీపం మొదలైంది. సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం. రాత్రి బళ్ళు, పలకలు, లాంతర్లు. చదువు చెప్పేది ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ, వాలంటీర్లు. జీతం లేదు. మా అక్క ఇంటర్ అయ్యి ఇంట్లో ఉంది, పేరిచ్చింది. ఆమెకి పడింది వాడలోని బడి. రాత్రిపూట ఆడపిల్లని ఒంటరిగా పంపరు కదా, తోడు నేను. లాంతరు మోసే ఉద్యోగం. నా మొదటి వాలంటీరింగ్ అదే, ఏ రెజ్యూమెలోనూ రాయలేదు.

మొదటి రోజు తిరిగొచ్చేసరికి మా అవ్వ గుమ్మంలో బిందెతో నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. "ఇద్దరూ నీళ్ళు పోసుకోని లోపలికి రాండి" అంది. చలికాలం రాత్రి తొమ్మిదిన్నరకి. అక్క మాట్లాడకుండా నీళ్ళు పోసుకుంది. రెండో రోజూ అంతే. వారం తర్వాత ఒకరోజు బిందె పక్కన పెట్టి, గుమ్మం బయట అరుగు మీదే చాప పరుచుకుని పడుకుంది. "రోజూ జలుబు చేసేదానికంటే ఇదే నయం అవ్వా" అంది. నాన్న అటూ చెప్పలేక ఇటూ చెప్పలేక లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. మూడు రాత్రులు అరుగు మీదే. నాలుగో రాత్రి గుమ్మంలో బిందె లేదు. అవ్వ మనసు మారిందని నేననుకోను. పెళ్ళి కావాల్సిన పిల్ల వీధరుగు మీద పడుకుంటే నలుగురూ ఏమంటారో అని భయపడి ఉంటుంది. ఏదైతేనేం, బిందె మాత్రం మళ్ళీ కనబడలేదు.

ఆ తర్వాతిది మీకు తెలిసిందే. మా జిల్లాలోనే దూబగుంటలో, ఆ రాత్రి బళ్ళలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా అమ్మనివ్వం అని లేచారు. 1992 లో అది జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం, 1997 లో దాన్ని సడలించారు. మా అక్క బడిలో కూర్చున్నవాళ్ళు కూడా ఒకరోజు పలకలు పక్కన పడేసి సారా కొట్టు ముందు కూర్చున్నారు. అక్క అక్కడ లేదు, ఆ వేళకి పెళ్ళయి వెళ్ళిపోయింది. ఉత్తరం రాస్తే జవాబులో ఒకటే అడిగింది, ఫలానా ఆమె సంతకం పెట్టడం మర్చిపోలేదు కదా అని.

సరే, నా చదువు సంగతి. పది అయ్యాక రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీ. పేరెందుకు లెండి, మీలో సగం మంది అలాంటిదాంట్లోనే చదివుంటారు. తెల్లారి ఐదింటికి బెల్లు, రాత్రి పదిన్నరకి లైట్లు. మధ్యలో ఉన్న గంటలన్నీ స్టడీ అవర్లే. ఆదివారం పరీక్ష. గ్రౌండు అన్న మాట బ్రోచర్లో ఉండేది, కాలేజీలో ఉండేది కాదు. సాయంత్రం అరగంట మేడ మీద తిరగనిచ్చేవాళ్ళు. ఒకే దిక్కుగా, గుండ్రంగా. మాట్లాడకుండా. 2009 లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని షెడ్యూల్లో రాసింది, కానీ అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల వరకే. ఒళ్ళు బాగా ఎదిగే పదహారూ పదిహేడేళ్ళ వాళ్ళు దానికి బయటే.

ఇంజినీరింగులో ఎన్ఎస్ఎస్‌లో చేరాను. 1969 లో, గాంధీ శతజయంతి ఏడాది, 37 యూనివర్సిటీల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. రెండేళ్ళలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు ఒకటి. మా బ్యాచిలో ముప్పాతిక మంది సర్టిఫికెట్ కోసమే వచ్చారు. ఎన్‌సీసీ వాళ్ళు పరేడ్ తర్వాత పెట్టే పూరీల కోసం వచ్చినట్టు. నాకు దాంట్లో తప్పేం కనబడదు. సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు కూడా ఏడురోజులు ఇంకో ఊళ్ళో బడి వరండాలో పడుకోవాల్సిందే, ఆ ఊరి వాళ్ళు పెట్టిన కూడు తినాల్సిందే. ఎందుకొచ్చాడన్నది ముఖ్యం కాదు, వచ్చాడా లేదా అన్నదే. ఇబ్బందల్లా రాకుండానే రాసుకునేవాడితో.

అమెరికాలో మాత్రం దీన్ని బాగా వ్యవస్థ చేసిపెట్టారు. నా పాత రూమ్మేట్ మేరీలాండ్‌లో ఉంటాడు. అక్కడ హైస్కూలు పాసవ్వాలంటే 75 గంటలు సేవ చెయ్యాలి, 1997 బ్యాచి నుంచి అదే రూలు. పై చదువుల కామన్ అప్లికేషన్లో పది యాక్టివిటీలకి చోటుంటుంది, ఒక్కోదాని వివరానికి 150 క్యారెక్టర్లు. వాడి కొడుకు లైబ్రరీలో పుస్తకాలు సర్దే గంటల్ని వీడు ఎక్సెల్ షీట్లో పెడుతున్నాడు. "టైంషీట్ నువ్వు నింపి అప్రూవల్ కూడా నువ్వే ఇస్తున్నావా?" అంటే నవ్వాడు. కానీ ఒక మాట చెప్పాడు. ఆ లైబ్రరీకి రోజూ వచ్చే ఒక ముసలాయన వాళ్ళబ్బాయి కోసం ఒక కుర్చీ అట్టేపెడతాట్ట. అది ఏ గడిలో రాయాలో తెలీక వదిలేశారు. నాకైతే ఆ 150 క్యారెక్టర్లలో మా అక్క అరుగు మీద పడుకోవడం పడుతుందా అనిపించింది.

మన కంపెనీల్లో కూడా ఉంది కదా ఈ సరదా. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. దాంతోపాటు మనకి టీషర్టులు, బస్సు, గ్రూప్ ఫోటో. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట వరసగా మూడేళ్ళు ఒకే గుంటల్లో మొక్కలు నాటాం. గుంటలు తవ్వే శ్రమ తప్పిందని అందరూ సంతోషించారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి. ఖోఖోలో అండర్ 17 జిల్లా జట్టుకి ఎంపికైంది. రాష్ట్ర పోటీలకి వారం రోజులు వెళ్ళాలి. స్కూల్లో ఏమో పదో తరగతి సిలబస్ ఇప్పుడే మొదలెట్టేశారు, వారం పోతే మొదటి సెక్షన్ నుంచి రెండో సెక్షన్‌కి మారుస్తామన్నారు. తమ్ముడు ఫోన్ చేసి "నువ్వు చెప్తే వింటుంది అన్నయ్యా, వద్దని చెప్పు" అన్నాడు. మా వాళ్ళలో సాఫ్టువేరు వాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చదువుల విషయంలో సుప్రీంకోర్టు నేనే.

నేను చెప్పనన్నాను. వాడికి కోపమొచ్చింది. "ఖోఖో ఆడితే ఏమొస్తది?" అన్నాడు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగిందనీ, మన ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ గెలిచారనీ చెప్పొచ్చు. 2022 లో లీగ్ మొదలైతే తెలుగు యోధాస్ ఫైనల్ దాకా వెళ్ళిందని చెప్పొచ్చు. చెప్పలేదు. అవి చెప్తే మళ్ళీ అది కూడా కెరీర్ లెక్కే అవుతుంది. ఈ పిల్ల ఇండియాకి ఆడుతుందని నాకేం భ్రమ లేదు. "ఏమీ రాదురా. రెండో సెక్షన్‌లో కూర్చుంటే ఏం పోతది, అది చెప్పు ముందు" అన్నాను. చెప్పడానికి చాలానే ఉంది వాడి దగ్గర. మొదటి సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, ఇంటర్‌లో ఫీజు తగ్గింపు. వాడిది చిన్న జీతం, ఆ తగ్గింపు నాకు లేని బరువు వాడికి. అందుకని ఆ తేడా నేను కడతానన్నాను. కాసేపు మాట్లాడలేదు. "డబ్బు కోసం అన్లేదు అన్నయ్యా" అని పెట్టేశాడు.

సాయంత్రం పిల్ల చేసింది. "పెదనాన్నా, నాన్న సంతకం పెట్టాడు. కానీ నాతో మాట్లాడట్లా" అంది. రెండు రోజుల్లో మాట్లాడతాడులే అన్నాను. జట్టులో ఎవరెవరున్నారని అడిగితే పన్నెండు మంది పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పింది, ఏ ఊరివాళ్ళో, ఎవరు దేంట్లో దిట్టో. గూడూరు నుంచి వచ్చే అమ్మాయి పోల్ దగ్గర డైవ్ కొడితే ఎవరూ తప్పించుకోలేరట. ఆ అమ్మాయికి బూట్లు లేవట, తన పాతవి ఇస్తానంది, సైజు ఒకటేనట.