తండ్రి విడిచిన బండి

ఒక వస్తువును సంపాదించుటకు ధనము చాలును. దానిని నిలుపుకొనుటకు ఓర్పు వలయును. ఒక్క యేడు దున్నక విడిచిన పొలమును మఱల దారికి దెచ్చుట ఎంత కష్టమో రైతు నడిగిన తెలియును. యంత్రముల విషయమునను ఇది నిజమే. అమెరికా దేశమున, మిచిగాన్ రాష్ట్రమునందు, ఒక ఉపాధ్యాయుడు తన తండ్రి విడిచిపోయిన పాత కారును బాగుచేసికొనిన వృత్తాంతము ఇందుకు తార్కాణము.

ఆ కారు పేరు ప్యాకార్డు. ఒహాయో రాష్ట్రమందలి వారెన్ పట్టణమున జేమ్స్ వార్డ్ ప్యాకార్డు అను ఇంజనీరు ఉండెను. అతడు వింటన్ అను కార్ల తయారీదారునొద్ద ఒక కారు కొని, అది తఱచు చెడిపోవుచుండగా దాని లోపములను అతనికి చెప్పెనట. వింటన్ కోపించి, అంత తెలిసినవాడవైనచో నీవే యొకటి చేసికొమ్మని బదులు చెప్పెనని ప్రతీతి. జేమ్స్ ప్యాకార్డు తన యన్నయగు విలియముతో గూడి 1899లో మొదటి కారును నిర్మించి నడపెను. 1903లో ఆ సంస్థ డెట్రాయిట్ నగరమునకు తరలెను. ఆల్బర్ట్ కాన్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి దానికి విశాలమైన కర్మాగారమును నిర్మించెను. ప్యాకార్డు కారు ముందుభాగమున రేడియేటరు పైయంచు ఎద్దుల మెడమీది కాడివలె వంపు తిరిగి యుండును. ఆ వంపును చూచినంతనే అది ఏ కారో జనులు దూరమునుండియే పోల్చుకొనెడివారు. ధనవంతులు దానిని కొనుట గౌరవముగా భావించెడివారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ సంస్థయే మెర్లిన్ అను విమానపు టింజనులను 55,000కు పైగా తయారుచేసెను.

ఆ యుపాధ్యాయుని తండ్రి 1936లో ఆ కర్మాగారమున ఇంజనులు కూర్చు విభాగమున చేరెను. తిరుగు ఇరుసునకును, దానిని మోయు బేరింగునకును నడుమ నుండవలసిన సందును అంగుళములో వెయ్యవ వంతుల లెక్కన కొలుచుట అతని నిత్యకృత్యము. తాను కూర్చిన కార్లను కొనుటకు అతని జీతము చాలదు. అయినను 1951లో అతడు పదేండ్లు వాడిన కారు నొకదానిని కొనగలిగెను. అది 1941వ సంవత్సరపు ప్యాకార్డు 160. బారుగా నిలిచిన ఎనిమిది సిలిండర్లు, 160 అశ్వముల శక్తి, తొమ్మిది బేరింగులపై తిరుగు క్రాంకు షాఫ్టు గల ఇంజను అది. అది నడచుచున్నప్పుడు లోపల కూర్చున్నవారికి గడియారపు చప్పుడు వినబడుచుండెడిది.

ఆ సౌభాగ్యము చిరకాలము నిలువలేదు. 1954లో ప్యాకార్డు సంస్థ స్టూడిబేకర్ సంస్థతో కలిసిపోయెను. 1956 జూన్ 25వ తేదీన డెట్రాయిట్‌లో కట్టడపు టాఖరి ప్యాకార్డు వెలువడెను. రెండేండ్లకు ఆ పేరే అంతరించెను. ఇరువది యేండ్లు పనిచేసిన చేతులు ఒక్క దినమున ఖాళీ యయ్యెను. తండ్రికి రాత్రివేళ కావలికాయు పని తప్ప వేఱొకటి దొరకలేదు. 1958లో కారు ఇంజనునుండి ఏదో దెబ్బల చప్పుడు రాజొచ్చెను. అతడు దానిని కొంతకాలము ఏమో చేసి, తుదకు తన బావమఱది పొలముననున్న కొట్టములో పెట్టి తలుపు మూసెను.

మఱుసటి యేడు కుమారుడు కళాశాలలో చేరవలసి యుండెను. రుసుమునకు ధనము లేదు. ఆ సమయముననే ఒకడు వచ్చి, కారు పైమెఱుగును చూచి ముచ్చటపడి, మంచి వెల యిచ్చెదననెను. “ఆ బండి అమ్ముటకు కాదు” అని తండ్రి ఒక్క మాట చెప్పి లోనికి పోయెను.

“నాన్నా! నడవని బండికన్న నా చదువు తక్కువదియా?” అని కుమారుడు అడిగెను. తండ్రి బదులు చెప్పలేదు. కుమారుడు ఇనుము పోతపోయు కర్మాగారమున రెండేండ్లు చెమటోడ్చి, ఆ కూలితో చదివి, ఉన్నత పాఠశాలలో చేతిపనులు నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. 1974లో తండ్రి మరణించెను. ఆ మాట వారిరువుర నడుమ మఱల రానేలేదు. ఎవరి మనస్సునుండియు పోనులేదు.

2001లో ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసెను. ఆ యేడే మేనమామ సంతతివారు పొలమును అమ్ముచు, కారును తీసికొనిపొమ్మని కబురంపిరి. కొట్టము తలుపు తెఱచునప్పటికి ఎలుకలు సీట్లలో కాపురముండెను. ఉన్నివస్త్రమును చిమ్మటలు తినివేసెను. టైర్లు నేలకంటి పగులువాఱెను. ఇంజను బిగిసి కదలకుండెను. ఆయన కుమారుడు చూచి, “నాన్నా! ఈ ఇంజనును పాఱవేసి క్రొత్తది పెట్టించుడు. నెల దినములలో నడచును” అని సలహా చెప్పెను. “రోగ మేదో తెలియకముందే అవయవమును కోసివేయుట వైద్యము కాదు” అని ఆయన ఒప్పుకొనలేదు.

చిరకాలము నిలిచిన ఇంజనును వెంటనే తిప్పబూనుట పెద్ద పొరపాటు. తుప్పుపట్టిన పిస్టను సిలిండరు గోడను గీచివేయును, రింగులు విఱుగును. అందుచే ఆయన మొదట స్పార్కు ప్లగ్గులను ఊడదీసి, ప్రతి సిలిండరులోను పలుచని నూనె పోసి ఊఱనిచ్చెను. వారము దినముల కొకమాఱు పొడవైన స్పానరుతో మెల్లగా ఇటునటు నొక్కి చూచుచుండెను. మొదటి నెల గడచెను, ఇంజను కదలలేదు. రెండవ నెలలో ఒక సాయంకాలము అది వెంట్రుకవాసి కదలెను. ఆ దినమున ఆయన అంతకుమించి బలము చూపక పని ఆపివేసెను.

పిదప మిగిలిన భాగముల పని ఆరంభమయ్యెను. పెట్రోలు తొట్టిలో నిలువయున్న పాత పెట్రోలు జిగురుగా మాఱి, గొట్టములను మూసివేసియుండెను. దానిని కడిగించి, నేటి పెట్రోలులో కలియు ఇథనాలునకు కరగని క్రొత్త రబ్బరు గొట్టములను వేసెను. బ్రేకుల పని ఇంజను పనికన్న ముందు ముగించెను. నడచు బండికన్న ఆగు బండి ముఖ్యమని ఆయన మతము. ముందుభాగమున యశదలోహపు పోతతో చేసిన అలంకారములు గుంటలు పడియుండెను. వానిని నునుపుచేసి రాగి, నికెలు, క్రోమియము ఒకదానిపై నొకటి పూత పెట్టించెను.

విద్యుత్తు విషయమున ఆయన యొకసారి పొరబడెను. నేటి కార్లకు 12 వోల్టుల బ్యాటరీ యుండును. ఆ కారుకు 6 వోల్టులదే. అందు ధనధ్రువము కారు చట్రమునకు కలుపబడును; నేటివానిలో ఋణధ్రువము కలుపబడును. ఒత్తిడి సగమైనచో, అంతే పని చేయుటకు ప్రవాహము రెట్టింపు కావలెను. రెట్టింపు ప్రవాహమునకు లావుపాటి తీగ కావలెను. ఆయన అంగడిలో దొరకిన సన్నని తీగను వేయగా స్టార్టరు ముక్కుచు మూలుగుచు తిరిగెను. లోపము స్టార్టరులో నున్నదని తలచి దానిని మూడుమార్లు విప్పి, తుదకు తీగను మార్పగానే అది చక్కగా తిరిగెను. “పాఠశాలలో పిల్లలకు నేర్పినది నేనే మఱచితిని” అని ఆయన నవ్వుకొనెను.

అసలు సంగతి ఇంజను అడుగు విప్పిన దినమున బయటపడెను. అడుగు తొట్టిలో నల్లని మడ్డి పేరుకొనియుండెను. దానిని గీకివేసి, క్రాంకు షాఫ్టును పిస్టన్లతో కలుపు బేరింగులను ఒక్కొక్కటిగా విప్పుచుండగా, ఐదవదాని వెనుక ఒక సన్నని ఇత్తడి రేకు కనబడెను. అది కర్మాగారమున పెట్టినది కాదు. కత్తెరతో కత్తిరించి, అంచులను ఆకురాయితో ఓర్పుగా నునుపుచేసి యుంచినది. అరిగిన బేరింగును మార్చుటకు ధనము లేనివారు చప్పుడు తగ్గుటకై అట్లు రేకు పెట్టుట కలదు. అది కొన్నాళ్ల ఉపశమనమే గాని చికిత్స కాదు. అట్టి బండిని వేగముగా తోలినచో ఇంజనే పగిలిపోవచ్చును.

ఆయన లేచి పోయి తండ్రి పనిముట్ల పెట్టెను తెఱచెను. అడుగున ఒక ఇత్తడి రేకు చుట్ట కలదు. చిన్ననాటినుండి ఆయన దానిని చూచుచునేయుండెను. దాని అంచున రెండు చిన్న దీర్ఘచతురస్రములు కత్తిరింపబడి యుండెను. చేతిలోని రేకును అందొకదానిలో నుంచగా సరిగా అతికెను.

అంగుళములో వెయ్యవ వంతును కొలిచిన చేతులు విధిలేక ఇత్తడి ముక్కను పెట్టవలసివచ్చెను. లోపల దానిని పెట్టిన బండిని, పైమెఱుగు చూచి మోసపోవు కొనుగోలుదారునకు అమ్ముటకు ఆ చేతులు సాగలేదు. లోపము చెప్పి అమ్మినచో పాత ఇనుము వెలయే వచ్చును. చెప్పక అమ్మినచో కుమారుని రుసుము చెల్లును. తండ్రి మనస్సులో నిదియే కలదని సాక్ష్యము చెప్పువారు ఇప్పుడెవరును లేరు. కాని “ఆ బండి అమ్ముటకు కాదు” అను మాట నలువది రెండేండ్లకు ఆయనకు మఱియొక విధమున వినబడెను. ఆయన చాలసేపు ఆ సిమెంటు నేలమీదనే కూర్చుండెను. నాటి తన ప్రశ్నకు సమాధానము దొరకినది. దానిని విని తల వంచుటకు ఎదుట తండ్రి లేడు.

ఆ రేకును మఱల ఇంజనులో పెట్టుట మాత్రము ఆయన చేయలేదు. క్రాంకు షాఫ్టును యంత్రశాలకు పంపి సాన పట్టించి, దానికి తగిన క్రొత్త బేరింగులను తెప్పించి వేసెను. ధనమున్నచో తండ్రి చేసియుండెడి పని అదియే గదా! పని మొదలుపెట్టిన ఆఱవ యేట, 2007 వసంతమున, కారు తన బలముతో గ్యారేజి వెలుపలికి వచ్చెను.

బాగుచేయుట ఒక దినమున ముగియును. కాపాడుటకు ముగింపు లేదు. ఆయన ఒక పుస్తకము పెట్టి, ఏ దినమున ఎన్ని మైళ్లు నడచినదియు, నూనె ఎప్పుడు మార్చినదియు వ్రాసికొనుచుండెను. వేయి మైళ్ల కొకమాఱు అడుగున కీళ్లన్నింటికిని గ్రీజు పెట్టును. బ్రేకులలోని ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును గావున రెండేండ్ల కొకమాఱు దానిని మార్చును. ఇంజనును ఐదు నిమిషములు మాత్రము నడపి ఆపినచో లోపల నీరు చేరి నూనెను చెఱచును. అందుచే బయలుదేరినచో ఇరువది మైళ్లు తిరిగియే వచ్చును. శీతకాలమున మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పు ఇనుమునకు శత్రువు గనుక ఆ నెలలలో కారు బయటకు రాదు.

ఆయన మనుమరాలు పదేండ్ల వయస్సునుండి గ్రీజు డబ్బా పట్టుకొని వెంట నుండెడిది. ఒకనాడు ఆ బాలిక, “తాతా! ఈ కీలు ఎవరికిని కనబడదు గదా. దీనిని విడిచినచో ఎవరికి తెలియును?” అని అడిగెను. ఆయన తన బల్లసొరుగునుండి ఆ ఇత్తడి రేకును తీసి ఆ బాలిక చేతిలో పెట్టి, దాని కథ చెప్పెను. ఆ బాలిక విని, మాటాడక కారు క్రిందికి దూఱి, విడిచిన కీలుకు గ్రీజు పెట్టి వచ్చెను.

డెట్రాయిట్‌లోని ప్యాకార్డు కర్మాగారము చిరకాలము పాడుపడియుండెను. 2019లో దాని భవనములను కలుపు వంతెన కూలిపోయెను. 2022లో నగరమువారు భవనములను కూల్చుట కారంభించిరి. ఆ శరదృతువున ఒక ఆదివారము వృద్ధుడును మనుమరాలును ఆ కారులో అచటికి పోయిరి. కారును తోలినది మనుమరాలు. యంత్రములు సెలవుదినమున నిలిచియుండెను; ఇటుకల గుట్టలు పడియుండెను. వారు ఇంజనును ఆపక కొంతసేపు అచట నిలిచిరి. ఎనిమిది సిలిండర్లు మెత్తగా నడచుచుండెను. దెబ్బల చప్పుడు లేదు. పిదప వృద్ధుడు పుస్తకము తెఱచి ఆ దినపు మైళ్లను వ్రాసికొనెను. వారు ఇంటికి మఱలిరి.