శుభలేఖపై హ్యాష్‌ట్యాగు

అతిథులు ఇన్‌స్టాగ్రామునందుంచు పెండ్లి ఛాయాచిత్రములు ఒక్కచోటఁ జేరుటకై శుభలేఖపై హ్యాష్‌ట్యాగు ముద్రించుట నేఁడు పరిపాటి యైనది. 2007 ఆగష్టులో క్రిస్ మెసీనా ట్విట్టరునకు సూచించిన గుర్తు మన పెండ్లిపందిళ్లలోనికిని వచ్చినది.

మా యింటి పిల్ల వివాహమునకు వరుని యింటిపేరొక్కటి చాలునని కొందఱనిరి. వధువు పేరు లేనిది పెండ్లిగుర్తెట్లగునని మేమంటిమి. ఇరువురి పేర్లను గూర్చి, చివర సంవత్సరము చేర్చితిమి. నడుమ ఖాళీ యున్నచో గుర్తు తెగిపోవును. అన్యులెవ్వరును దానిని వాడుట లేదని అచ్చునకుఁ బూర్వమే వెదకి చూడవలెను.

ఇది తాళములేని వాకిలి. బహిరంగముగా నుంచిన చిత్రమును ఎవరైనఁ జూడవచ్చును. కావున మంగళస్నానపు చిత్రములను, పసిపిల్లల చిత్రములను దీనిక్రింద నుంచవలదని బంధువులకు ముందే విన్నవించితిమి. శుభలేఖ వ్రాయించు తల్లులు ఈ రెండు సంగతులను మఱవకుందురు గాక.